జోము పట్టిన చెయ్యి

కువైట్ బ్నీద్ అల్ గార్‌లో మేముండే బిల్డింగు లిఫ్టు నెలకోసారి మొరాయిస్తుంది. పోయిన నెల అలా మొరాయించిన రోజు పొద్దున, మెట్ల మీద కూరగాయల సంచులు రెండు పక్కన పెట్టుకుని ఒకావిడ కూర్చుని ఉంది. నాలుగో అంతస్తులో పనిచేసే మనిషి, రాయచోటి వైపు. కుడికాలు చాపుకుని పిక్క నొక్కుకుంటోంది. సంచి ఒకటి అందుకుని, ఏమైందమ్మా అని అడిగాను.

"కాలు జోము పట్టినాది సార్. రోంతసేపు కూసుంటే అదే పోతాది. మీరు పోండి."

"ఏం పట్టింది?"

"జోము సార్. జోము పడితే గిల్లినా తెలీదు గదా." నా ముఖం చూసి, పాపం, నా కోసం మాట మార్చింది. "మీ పక్క తిమ్మిరంటారంటనే, అది."

నేను ఆ సంచి పట్టుకునే పక్క మెట్టు మీద కూలబడ్డాను. "మీగ్గూడా పట్టినాదా సార్?" అని ఆవిడ నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, నా చేతిలోని సంచి మెల్లగా తీసుకుని, "మా మామా అరుస్తాది, నేను పోతా" అని, యజమానురాలి కేకలకి భయపడి కుంటుకుంటూ పైకి వెళ్లిపోయింది.

రెండేళ్ల క్రితం ఒక మనిషి నాతో అదే మాట అన్నాడు. కాలు కాదు, చెయ్యి. నేను 'జోరు' అని విన్నాను. తేడా ఒక్క అక్షరం. అలా విన్నదాన్ని వెళ్లి చెప్పవలసిన చోట చెప్పేశాను కూడా.

అతని పేరు ఇక్కడ రాయను. రాయొచ్చా అని అతన్ని అడగలేదు, అడగడానికి నాకు మొహమూ లేదు. కడప జిల్లా మనిషి. కంపెనీలో అందరూ బౌలర్ అనే పిలిచేవాళ్లు. ఇఖామా అనే నివాస కార్డులో మాత్రం స్టోర్ హెల్పర్ అని ఉండేది.

మా కంపెనీది తుక్కు ఇనుము వ్యాపారం. అమ్ఘరాలో యార్డు, సబ్హాన్‌లో స్టోరు. స్టోరుకు నేను ఇన్‌చార్జిని. విజయవాడలో పుట్టి పెరిగినవాణ్ణి కాబట్టి అసలైన తెలుగు నా దగ్గరే ఉందని ఒక నమ్మకం. శుక్రవారాలు కంపెనీ క్రికెట్ టీముకు స్కోరర్ని. ఆట చేతకాని వాడికి మైదానంలో దొరికే ఉద్యోగం అదొక్కటే.

టీము పేరుకు కంపెనీది, నిజానికి ముదీర్‌ది. ఇక్కడ మేనేజర్ని అలా అంటారు. మా ముదీర్ హైదరాబాదు ఆయన. నవ్వుతూ మాట్లాడేవాడు, ఎప్పుడూ గొంతు పెంచేవాడు కాదు. ఇంట్లో ఏం జరిగినా తట్టుకునేవాడు గాని, కంపెనీల మధ్య జరిగే శుక్రవారం లీగులో ఓడిపోతే ఆ వారమంతా యార్డులో ఎవరి మీదో ఒకరి మీద పడేది ఆ ఓటమి.

బౌలర్ని ఆయన కనిపెట్టిన రోజు నేనూ పక్కనే ఉన్నాను. అమ్ఘరా యార్డులో ఒక కోత మిషన్ ఉంది. మొసలి నోరులా పై దవడ లేస్తుంది, పడుతుంది. మధ్యలో ఇనుప కడ్డీ పెట్టినా పెట్టకపోయినా అది ఆగదు, పొద్దున స్విచ్ వేస్తే సాయంత్రం దాకా లేస్తూ పడుతూనే ఉంటుంది. మనవాళ్లు దాన్ని కత్తెర అంటారు. ఆ రోజు కత్తెర ముందు ఒక బక్కపల్చటి మనిషి నిలబడి, తెగిన ముక్కల్లోంచి ఇత్తడి ముక్కలు ఏరి వెనక్కి విసురుతున్నాడు. ఇరవై అడుగుల అవతల డ్రమ్ము. వెనక్కి తిరిగి చూడడం లేదు, ఒక్క ముక్క కూడా బయట పడడం లేదు. ముదీర్ ఆగిపోయాడు. ఆయన ఏ పనివాణ్ణయినా అంతసేపు చూడడం నేనంతవరకు చూడలేదు.

"బౌలింగ్ ఆతా?" అని హిందీలో అడిగాడు.

"ఆతా సాబ్" అన్నాడతను, కత్తెర మీద నుంచి కళ్లు తీయకుండా.

ఆ శుక్రవారం అతను బంతి వేశాడు. ఆదివారం పొద్దున బదిలీ కాగితం పట్టుకుని సబ్హాన్‌లో నా స్టోరు ముందు నిలబడ్డాడు. మిగతా ఆరు రోజులు నీడపట్టున నట్లూ బోల్టులూ సర్దడం, శుక్రవారం వికెట్లు తీయడం, అదీ ఏర్పాటు. ఎక్కడా రాసుకోలేదు. రాసుకోనక్కర్లేకుండానే ముగ్గురికీ అర్థమైంది. చెయ్యి ఆడినన్నాళ్లూ స్టోరు. చెయ్యి ఆగిన రోజున కత్తెర.

చెయ్యే తన బతుకని తెలిసిన మనిషి ఆ చెయ్యిని ఎలా చూసుకుంటాడో నేను దగ్గర్నుంచి చూశాను. కుడిచేత్తో నీళ్ల డబ్బా ఎత్తడు. తలుపు తోయడు. ఎవరితోనూ కరచాలనం చేయడు, ఆ చెయ్యి గుండెల మీద పెట్టుకుని సలాం చేస్తాడు. కొత్తలో ఒకసారి ముదీర్ స్నేహితుడొకాయన చెయ్యి చాపితే మనవాడు ఎడమచెయ్యి ఇచ్చాడు. ఈ దేశంలో అంతకన్నా మర్యాద తక్కువ పని ఇంకొకటి లేదు. ఆయన ముఖం ఎర్రబడింది. నేను మధ్యలో దూరి సర్దిచెప్పి, తర్వాత గట్టిగా తిట్టాను.

"ఆయప్ప చెయ్యి ఎంత లావుండాదో సూస్తిరా సార్? నలిపినాడంటే శుక్రారం ఎవురు ఏస్తారు, మీరేస్తారా?" అన్నాడు.

నిద్రలో కూడా కుడిచేతి కింద ఒక దిండు పెట్టుకునేవాడట. తలకి దిండు లేకపోయినా సరే. రూములో వాళ్లు ఆ దిండు దాచేసి ఏడిపించేవాళ్లు.

ఊళ్లో ఉన్నప్పుడు కూడా అతను అరువు బౌలరే. పోటీ పెట్టుకున్న ఊళ్లవాళ్లు మోటార్ సైకిలు మీద వచ్చి ఎక్కించుకుపోయేవాళ్లట. "ఈ వారం ఒగూరికి ఏస్తాంటి, వచ్చే వారం ఆ ఊరి మీదనే ఏస్తాంటి సార్. కోడికూర ఎవురు బాగా జేస్తే వాళ్లకు మనసుపెట్టి ఏస్తాంటి" అని చెప్పి పెద్దగా నవ్వాడు. నేను అతని నవ్వు విన్నది ఆ కొద్దిసార్లే. ఆ కథలు చెప్పేటప్పుడు ఇత్తడి బోల్టు ఒకటి చేతిలో తిప్పుతూ ఉండేవాడు. బోల్టు వేళ్ల మధ్య నుంచి వేళ్ల మధ్యకి జారుతూ పోయేది.

"ఏం భాషయ్యా మీది, సగం నాకు అర్థం కాదు" అని నేను ఆటపట్టించేవాణ్ణి. "అర్థం గాకపోతే అడగండి సార్" అనేవాడు. నేను ఏనాడూ అడగలేదు. సగం అర్థమైతే చాలనుకున్నాను.

అతనికి ఒక మాట ఉండేది. అమ్ఘరా నుంచి ఇనుము తెచ్చే మా లారీ స్టోరు ముందు ఆగగానే, పనిచేస్తున్న చోటే నిలబడిపోయి, "కత్తెర సూస్తాండాది సార్" అనేవాడు. మొదటిసారి నాకు నవ్వొచ్చింది.

"అదెలా చూస్తుందయ్యా? అమ్ఘరాలో కదా ఉంది."

"దాని ముందర నిలబడినోనికి తెల్సు. అది ఆకలైనెట్టు నోరు తెరుస్తాది, మూస్తాది, మళ్లా తెరుస్తాది. నేను ఈడికొచ్చినాక ఇంగా ఎక్కువగా సూస్తాండాది."

పదిసార్లు విన్నాక నాకు నవ్వు రావడం మానేసింది. లారీ బ్రేకు చప్పుడైతే నేను కూడా తలుపు వైపు చూసేవాణ్ణి.

మొదటి సీజను కప్పు మాదే. ముదీర్ ఆకాశంలో తేలాడు. అక్కడితో ఆగినా బాగుండేది. రెండో సీజనులో శనివారాలు కూడా మొదలయ్యాయి. ఏ కంపెనీ మేనేజరుతోనైనా పని పడితే మా ముదీర్ బౌలర్ని ఆ కంపెనీ టీముకు పంపేవాడు, కారు ఇచ్చి పంపినట్టు. శుక్రవారం పొద్దునొక మ్యాచి, ఎండ తగ్గాక ఇంకొకటి. సిమెంటు పిచ్ మీద పరిచిన చాప మీద, కంకర నేలలో పరుగెత్తుకుంటూ వచ్చి, ఒంట్లో ఉన్న బలమంతా ఆ ఒక్క భుజంలోంచి తోసేవాడు. ఒక్కరోజు కూడా వద్దనలేదు. వద్దంటే ఏమవుతుందో అతనికి లారీ చప్పుడు గుర్తుచేస్తూనే ఉంది.

ఆ సీజను మధ్యలో అతను బంతి వేశాక చెయ్యి విదిలించడం మొదలుపెట్టాడు, తడి చెయ్యి విదిలించినట్టు. అదొక స్టైలనుకున్నాం. మా వాళ్లంతా నెట్స్‌లో అలాగే విదిలించి నవ్వుకునేవాళ్లు. స్కోరు పుస్తకం అంచున నేను ఆ విదిలింపు బొమ్మ కూడా వేశాను. ఆ పుస్తకం ఇప్పటికీ నా బీరువాలో ఉంది, మళ్లీ తెరవలేదు.

ఇంకా చాలా చూశాను. చూడలేదని ఎవరికీ అబద్ధం చెప్పలేను. చొక్కా గుండీలు ఎడమచేత్తో పెట్టుకోవడం చూశాను. బోల్టు వేళ్ల మధ్య జారడం మానేసి కింద పడడం చూశాను. ఒకరోజు స్టోరులో అప్పుడే మరిగిన సులేమానీ చాయ్ గ్లాసుల్లో పోస్తే, నేను పట్టుకోలేక కర్చీఫు వెతుక్కుంటున్నాను. అతను గ్లాసు గుప్పిట్లో పట్టుకుని తాపీగా కబుర్లు చెబుతున్నాడు. అరచెయ్యి ఎర్రగా కమిలిపోతోంది.

"చెయ్యి బాగా రాటుదేలిందయ్యా నీది" అన్నాను మెచ్చుకుంటూ.

అతను గ్లాసు వంక చూశాడు, గ్లాసు దించి అరచెయ్యి వంక చూశాడు. చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. ఆసుపత్రికి వెళ్లమని నేను అనలేదు. వెళ్తే డాక్టరు పనికిరాడని రాస్తాడేమోనని అతనికి భయం. ఆ భయం నాకు తెలుసు. తెలిసీ ఊరుకోవడం నాకు సుఖంగా ఉండేది, ఎందుకంటే అతను వచ్చాక నా స్టోరులో పని చకచకా జరిగేది, కప్పు గెలిచిన టీము స్కోరరుగా ముదీర్ దగ్గర నాకూ కాస్త చనువు పెరిగింది.

రెండో సీజను ఫైనలు రోజున పొద్దుటి నుంచీ దుమ్ము. గాలి హోరుకు స్కోరు పుస్తకం మీద రెండు రాళ్లు పెట్టుకుని కూర్చున్నాను. మూడు ఓవర్లు వేసి అతను నా బల్ల పక్కనే బౌండరీ దగ్గర ఫీల్డింగుకి వచ్చాడు. ఈ లీగులో ఒక బౌలరుకి నాలుగు ఓవర్లే. అతనికింకా ఒకటి మిగిలి ఉంది, ఆటలో మిగిలిందీ దాదాపు అంతే. బంతి ఎవరికివ్వాలో కెప్టెనుకు వేలు చూపించే ముదీర్ అటు పక్క కుర్చీ వేసుకుని కూర్చుని, ఇతనికివ్వాలా ఇంకొకరికా అని ఊగిసలాడుతున్నాడు. మూడో ఓవరులో పరుగులు ధారాళంగా పోయాయి మరి.

అతను నోటికి కట్టుకున్న తువ్వాలు తీయకుండానే నా వైపు వంగాడు.

"సార్, చెయ్యి జోము పట్టినాది. ముదీర్‌కు చెప్పండి సార్."

గాలిలో, తువ్వాల్లోంచి, నాకు వచ్చిన తెలుగులో, అది జోరుగా వినిపించింది. చెయ్యి జోరు పట్టింది. సంతోషం పట్టలేక లేచి ముదీర్ దగ్గరికి దాదాపు పరుగెత్తాను. "చెయ్యి మంచి జోరు మీద ఉందట, ఓవర్ తనకే ఇమ్మంటున్నాడు" అన్నాను. తనకే ఇమ్మంటున్నాడన్నది నేను కలిపిన మాట. ముదీర్ వేలు చూపించాడు. యల్లా, పదండి అని అరిచాడు కెప్టెను.

ఆ ఓవరు ఆరు బంతులూ నాకు వరసగా గుర్తున్నాయి. అయిదు చెప్పను. ఆరోది వేశాక బంతి వెళ్లి మధ్య స్టంపు పడగొట్టింది. మేము గెలిచాం. అందరూ అతని వైపు పరుగెత్తుతున్నారు. అతను మాత్రం వికెట్టు వంక చూడలేదు. గుప్పిట తెరిచి చేతిలోకి చూసుకుంటున్నాడు. బంతి ఇంకా చేతిలోనే ఉందో పోయిందో అతనికి తెలియలేదు. మావాళ్లు అతన్ని భుజాల మీదికెత్తారు. ఆ ఎత్తులో కుడిచెయ్యి పక్కకి వేలాడుతూ ఊగింది. నేను చప్పట్లు కొట్టాను.

ఆ తర్వాత చెయ్యి లేవలేదు. ముదీర్ మూడు శుక్రవారాలు ఓపిక పట్టాడు. నాలుగో వారం బదిలీ కాగితం వచ్చింది, నేను సంతకం పెట్టాల్సిన చోట పెన్సిల్‌తో ఇంటూ గుర్తు పెట్టి మరీ. నా స్టోరుకు ఈ మనిషి కావాలి అని ఒక్క వాక్యం రాసి ఉంటే ఆ కాగితం ఆగేది. ముదీర్ నా మాట కాదనే మనిషి కాదు. కాకపోతే అడగడానికి కాస్త ఇబ్బంది. ఆ కాస్త ఇబ్బంది పడలేక సంతకం పెట్టాను. అతను స్టోరు తాళంచెవి ఎడమచేత్తో నా బల్ల మీద పెట్టాడు.

"సూస్తాండాదని చెప్తి గదా సార్" అన్నాడు. లారీ వెళ్లిపోయింది.

రెండు నెలలు తిరక్కుండా లారీ డ్రైవరు కబురు తెచ్చాడు. కత్తెర దగ్గర కడ్డీ తోస్తూ తోస్తూ మూడు వేళ్లు లోపలికి పెట్టాడట. అరవలేదట. పక్కవాడు అరిచేదాకా అతనికి తెలియలేదట. "నొప్పే తెలీలేదంట సార్, అదెట్ల?" అని డ్రైవరు నన్నే అడిగాడు. నాకూ తెలియదన్నాను. అప్పటికి నిజంగానే తెలియదు. అతను ఈ దేశం వదిలి వెళ్లిన రోజున నేను ఎయిర్‌పోర్టుకి వెళ్లలేదు. పని ఉందని చెప్పాను.

మెట్ల మీద ఆ మాట విన్నాక రెండు రోజులు ఆగాను. మూడో రోజు మధ్యాహ్నం స్టోరు తలుపు మూసి అతనికి ఫోను చేశాను. ఊళ్లో అరటికాయల మండీ దగ్గర కాపలా పని చేస్తున్నాడు. నా గొంతు వెంటనే పట్టేశాడు. ఎండలెట్లున్నాయి, మా బిల్డింగు లిఫ్టు ఇంకా మొరాయిస్తోందా, అన్నీ అడిగాడు. నేను ఇక ఉండలేకపోయాను.

"ఆ ఫైనలు రోజున నువ్వు జోము అన్నావు కదయ్యా?"

"అంటి సార్."

"నేను జోరు అనుకున్నాను."

"తెల్సు సార్."

"తెలుసా?"

"మీరు నగుకుంట పోతిరి గదా ముదీర్ కాడికి. చెయ్యి జోము పట్టినాదని చెప్పేదానికి ఎవురన్నా నగుకుంట పోతారా? అప్పుడే తెల్సె."

"మరి పిలవకపోయావా? మళ్లీ చెప్పకపోయావా?"

అవతల అరటి గెలలు దించుతున్న కేకలు వినిపించాయి.

"ఒగతూరి చెప్పేదానికే నాకు ధైర్నం సాల్లేదు సార్. చెయ్యి బాగలేదంటే యాడికి తోల్తారు? కత్తెర కాడికే గదా. మీకు అర్థం గాలేదని తెల్సినాక, పోనీలే, ఇంగొగ వారం స్టోర్లో ఉండొచ్చు అనుకుంటి. మీరేం మనసులో పెట్టుకోవాకండి."

నేను ఏడ్చాను. ఏడుపు ఫోనులో వినపడకుండా ఉండాలని ప్రయత్నించాను గాని అతనికి వినపడే ఉంటుంది, మాట మార్చాడు.

"ఇప్పుడెవురు ఏస్తాండారు సార్ మనకు?"

"రాజంపేట అతను. నీలాగే యార్డు నుంచి తెచ్చారు. ఆరు నెలలుగా నా స్టోరులోనే ఉన్నాడు."

"చెయ్యి ఇదిలిస్తాండాడా?"

అవునన్నాను. అంతకుముందు శుక్రవారమే టీములో ఎవరో అన్నారు, పాత బౌలరు స్టైలు కొత్త బౌలరుకి వచ్చిందని.

"అయితే సార్, అతన్ని అడగొద్దండి. అడిగితే బాగుండాదనే అంటాడు. నేనూ అట్లే అంటాంటి." మళ్లీ గెలలు దించే కేకలు. "అడగొద్దు. ఆపండి."

నిన్న శుక్రవారం. అతని మాట వినకుండా నేను అడిగాను. రాజంపేట అతను మూడో ఓవరు ముగించి బౌండరీ దగ్గరికి వచ్చినప్పుడు, బల్ల దగ్గరి నుంచి లేచి వెళ్లి, ముఖంలో ముఖం పెట్టి అడిగాను.

"చెయ్యి జోము పట్టిందా?"

ఆ మాట నా నోట వినగానే ఉలిక్కిపడ్డాడు. ముందు నా వైపు కాదు, కుర్చీలో ఉన్న ముదీర్ వైపు చూశాడు. తర్వాత పళ్లన్నీ కనిపించేలా నవ్వాడు.

"లేదు సార్. మంచి జోరు మీదుండాది."

నేను బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నాను. పెన్సిల్ తీసి, అతని పేరు పక్కన మూడు కొట్టేసి నాలుగు వేశాను. పక్కన అవతలి టీము స్కోరరు తన పుస్తకంలో మూడే చూసుకున్నాడు, నన్ను చూశాడు, మారు మాట్లాడకుండా తనూ నాలుగు చేసుకున్నాడు. మా బౌలరు తప్పుకుంటే ఆయనకేం బాధ? రెండు పుస్తకాలూ కలిస్తే అంపైర్లకి అభ్యంతరం ఉండదు. లేచి నిలబడి మైదానమంతా వినపడేలా అరిచాను.

"నాలుగు ఓవర్లూ అయిపోయాయి. ఖలాస్."

రాజంపేట అతను నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. "మూడే ఏసినా సార్. ఇంగొగటి ఉండాది. తప్పు రాసినారు, దిద్దండి సార్, మీ కాళ్లు పట్టుకుంటా" అంటూ రెండు చేతులూ జోడించబోయాడు. ఎడమచేతి వేళ్లు నిటారుగా నిలబడ్డాయి. కుడిచేతివి వంగిపోయి వాటికి ఆనలేదు.

అటు పక్క ముదీర్ కుర్చీలోంచి లేచాడు. నవ్వడం లేదు. మైదానానికి అడ్డంగా పడి నా వైపే నడిచి వస్తున్నాడు. నా చొక్కా జేబులో రాత్రి రాసి పెట్టుకున్న కాగితం ఉంది. రెండేళ్ల క్రితం రాయని వాక్యమే అందులో ఉంది, చివర కొంచెం కలిపాను. నా స్టోరుకు ఈ మనిషి కావాలి, బంతి వేసినా వేయకపోయినా.

"నాలుగే అయ్యాయి" అని అతనితో చెప్పి, కాగితం చేతిలోకి తీసుకుని ముదీర్‌కి ఎదురు నడిచాను.